చెవి అందిందా

నేను భయస్థుణ్ణి. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువు. ముప్ఫై ఏళ్ళ పైన పంతులుగా పనిచేసి, రిటైరై ఇంట్లో కూర్చున్నా, జీపు చప్పుడు వింటే ఇప్పటికీ లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంటాను. బడిలోకి పాము వస్తే పిల్లలే నన్ను బల్ల మీదికి ఎక్కించి కర్ర తెచ్చుకునేవాళ్ళు. మా ఆవిడ పంకజాక్షి ఇది పదిమందిలో చెప్పి నవ్వుతుంది. నవ్వనీ.

1988 ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున, మూడో తరగతికి ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ ఉంటే, ఒక కానిస్టేబులు సైకిలు దిగి జెండా కొయ్యకు ఆనించాడు. మా సీకిమాకులపల్లె పూతలపట్టు రోడ్డు మీద నుంచి మూడు మైళ్ళు లోపలికి ఉంటుంది. ఆ మట్టిదారిలో పోలీసు సైకిలు ఊరికే రాదు.

"ఈడ అయివోరు ఎవురు?"

"నేనే, దేవరాజులు" అన్నాను. బావమరిది పెళ్ళికి పోయి రిజిస్టర్లో సంతకం పెట్టుకున్న రెండు రోజులు గుర్తొచ్చాయి. బడిపిల్లలకని వచ్చిన ఉప్మా పిండి బస్తాలో ఎలుకలు తిన్నదీ, మేము తిన్నదీ గుర్తొచ్చాయి. ఆ రెండు నిమిషాల్లో నా జీవితంలో చేసిన వెధవ పనులన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి.

"ఓబయ్య కొడుకు వెంకటముని అని, ఈ బళ్ళో సదివినాడంట. వాని పుట్టిన తేదీ రాసియ్యల్ల."

అంతే! నా కోసం రాలేదు. ఒక్కసారిగా ఒళ్ళు తేలికైంది. కానిస్టేబులుకి కుర్చీ వేశాను. మజ్జిగ తెప్పించాను. బీరువాలోంచి అడ్మిషన్ రిజిస్టరు తీసి, దుమ్ము తుడిచి, అందులో ఉన్నది నాకు వచ్చిన మంచి చేతిరాతతో కాగితం మీద ఎక్కించాను. బి. వెంకటముని, తండ్రి ఓబయ్య, పుట్టిన తేదీ 1-7-1971. కింద సంతకం పెట్టి, బడి ముద్ర గట్టిగా నొక్కాను.

కానిస్టేబులు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "పదారు దాటి ఏడు నెల్లు. సరిపోయింది" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఏం చేశాడండీ వాడు?"

"తిరపతి బస్టాండులో ఒక ముసలాయన సచ్చిపోయినాడు అయివోరా" అని సైకిలెక్కాడు.

సిగ్గు విడిచి చెబుతున్నాను. అప్పుడు కూడా నా మనసులో ఉన్నది ఒకటే, నాకోసం రాలేదు కదా అని. ఆ సంతోషంలో ఆ రోజు పిల్లలకు గంట ముందే బడి వదిలేశాను.

మర్నాడు పొద్దున నేను బడి తాళం తీసేసరికే మునెమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. వెంకటముని తల్లి. మొగుడు ఓబయ్య కూలిపనికని రాయవేలూరు పోయి, ఇక రాలేదు. బెల్లం గానుగల దగ్గర పొయ్యిలో చెరుకుపిప్పి వేసే పని ఆమెది. ఆ వేడికి రెండు చేతులూ మోచేతుల దాకా నల్లబడి ఉంటాయి. నన్ను చూసి లేచి గోడకు ఆనుకుని నిలబడింది.

వెంకటముని మా బళ్ళో ఐదో తరగతి దాకా చదివాడు. ఆ తర్వాత తిరుపతిలో ఒక లాడ్జిలో గదులకు వేడినీళ్ళు మోసే పనికి కుదిరాడు. రెండేళ్ళయ్యాక వాళ్ళు వెళ్ళగొట్టారు. అప్పటినుంచి బస్టాండులోనే తిన్నాడు, అక్కడే పడుకున్నాడు. అక్కడ ఇద్దరు మొగవాళ్ళు వాణ్ణి చేరదీశారు. పోయిన వారం జరిగింది మునెమ్మే చెప్పింది. ఒక ముసలాయన బస్సెక్కుతూ ఉంటే, వాళ్ళు పంపితే వీడు వెళ్ళి ఆయన చంకలో సంచీ లాగాడు. ఆయన సంచీ వదల్లేదు. వీడూ వదల్లేదు. ఆయన మెట్టు మీదనుంచి వెనక్కి పడితే తల సిమెంటు గట్టుకు కొట్టుకుంది. మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు.

"లాగలేదని నేను సెప్పను అయివోరూ. నా బిడ్డే. వాడే లాగినాడు" అంది మునెమ్మ. ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి అయిపోయినట్టుంది. "లాయరు పరంధామయ్యను పట్టుకున్న్యా. ఇప్పుడు కొత్తగా సట్టం వచ్చిందంట. పదారేండ్లు నిండని మొగపిల్లోళ్ళకి ఏరే కోర్టు, ఏరే ఇల్లు అంట. జైలుకు ఎయ్యరంట. నిండింటే మాత్రం ఆ ఇద్దురుతో కలిపి పెద్ద జైలే. నీ కొడుక్కి ఎన్నేండ్లు అన్నాడు. మొన్న ధనుర్మాసానికి పదైదు నిండినాయి అన్న్యా. నువ్వు రాసిచ్చిన కాయితం సూపించినాడు. దాంట్లో పదారున్నర ఉండాదంట."

నేను తాళం చెవి చేతిలో తిప్పుతూ నిలబడ్డాను.

"ఆ ఏడాదిన్నర యాడిది అయివోరూ?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. చదువుకున్నవాడు చెబితే తెలుస్తుందని అడిగింది. ఆ ఏడాదిన్నర ఎక్కడిదో ఈ భూమ్మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"చూస్తాలే మునెమ్మా, పాత పుస్తకాలు చూస్తాలే" అని లోపలికి పోయాను.

పుట్టిన తేదీలు రాసిపెట్టుకునే ఊరు కాదు మాది. కాన్పులన్నీ ఇళ్ళలోనే. జూన్‌లో బడి తెరిస్తే, తల్లులు పిల్లల్ని తెచ్చి నా ముందు నిలబెడతారు. ఐదేళ్ళు నిండాయో లేదో తేల్చడానికి మా పంతుళ్ళందరికీ ఒకటే పద్ధతి. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమంటాం. చెవి అందితే ఐదేళ్ళు నిండినట్టు. అందకపోతే వచ్చే ఏడు రమ్మంటాం. అందినవాళ్ళందరికీ పుట్టిన తేదీ జూలై ఒకటే. మా ఊళ్ళో నలభై ఏళ్ళ లోపువాళ్ళంతా జూలై ఒకటిన పుట్టినవాళ్ళే.

1976 జూన్‌లో ముప్ఫై ఎనిమిది మంది తేలారు. నలభై కాకపోతే బడిని పక్క ఊరిబడిలో కలిపేస్తామని, నన్ను ఎక్కడో కుప్పం అవతలికి వేస్తామని కాగితం వచ్చింది. పంకజాక్షికి అప్పుడే ఎనిమిదో నెల. నేను నిద్రపోయి నాలుగు రోజులైంది. ఆ వేళ మునెమ్మ గానుగకు పోతూ, చంటిబిడ్డను చంకనేసుకుని, వీణ్ణి చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చింది. "వీణ్ణి ఈడ కూసోబెట్టుకో సామీ. పొయ్యి కాడికి వస్తా ఉండాడు, బయంగా ఉండాది" అంది.

చొక్కా ఒకటే వేసుకున్నాడు, కింద ఏమీ లేదు. "చెవి పట్టుకోరా" అన్నాను. చెయ్యి నడినెత్తి దాటి కాస్త కిందికి వచ్చి ఆగిపోయింది. "అందలే" అన్నాడు. నిజం చెప్పాడు వాడు. నేనే వాడి తల ఒక పక్కకు వంచాను. చెయ్యి పట్టుకుని లాగాను. వేలి కొస చెవి పైన తగిలింది. "చెవి అందిందా?" అన్నాను. వాడు నా మొహంలోకి చూశాడు, ఏం చెబితే నాకు బాగుంటుందో వెతుకుతున్నట్టు. "అందింది" అన్నాడు.

ముప్ఫై తొమ్మిది. తర్వాత ఇంకొకడి తల కూడా వంచాను. నలభై.

మునెమ్మ వచ్చిపోయిన ఆ సాయంత్రం వంటింటి పక్కన అటక మీదనుంచి రేకుపెట్టె దించాను. బడి రిజిస్టరే కాకుండా మాకు ఇంకొక పని ఉండేది. ప్రతి ఏప్రిల్లో ఊరంతా తిరిగి ఇంటింటా పిల్లల లెక్క రాయాలి, చంటివాళ్ళతో సహా. ఆ లెక్క పుస్తకం ఇన్‌స్పెక్టరు చూసి, సంతకం పెట్టి, నా దగ్గరే ఉంచమనేవాడు. పదమూడేళ్ళ నాటిది చెదలు తినేసి ఉండాలని వెతికాను. ఉండకూడదని వెతికాను. ఉంది.

1975 ఏప్రిల్. ఇరవై ఆరో ఇల్లు. "ఓబయ్య, మునెమ్మ. కొడుకు వెంకటముని, ధనుర్మాసం పెట్టిన మూడో నాడు పుట్టుక, 2 ఏండ్ల 4 నెలలు." పేజీ చివర ఇన్‌స్పెక్టరు పచ్చసిరా సంతకం, తేదీ. రెండేళ్ళ నాలుగు నెలల బిడ్డ మరుసటి ఏడాది జూన్‌కు నా రిజిస్టర్లో ఐదేళ్ళవాడయ్యాడు. రెండూ నా చేతిరాతే.

పంకజాక్షి పొయ్యి మీద సంగటి కెలుకుతోంది. నేను చెప్పిందంతా విని, తెడ్డు ఆపకుండానే, "దాన్ని ఈడ పెట్టేయండి" అని పొయ్యి చూపించింది.

"వాడు పదిహేనేళ్ళవాడే, పంకజం."

"మనిషిని సంపినాడు గదా."

"చంపాలని లాగలేదు."

"మీరూ అబద్దం రాయల్లని రాయలేదు. బడి ఉండల్లని రాసినారు. ఆ మాట ఇంటారా వాళ్ళు? సర్కారు పుస్తకంలో దొంగలెక్క రాసినాడని పట్టుకుంటే, రెండేండ్లలో పింఛను వచ్చే మనిషి యాడ నిలబడతారు? వాని పక్కనే ఏస్తారు మిమ్మల్ని గూడా." ఆమె చేతిలో తెడ్డు ఆగిపోయింది. ఎప్పుడూ నా భయాన్ని చూసి నవ్వే మనిషి భయపడింది. అది నేను తట్టుకోలేకపోయాను.

పుస్తకం పొయ్యి దగ్గరికి తీసుకుపోయాను. వేడికి అట్ట కొస కాస్త ముడుచుకుంది. అక్కడే గొంతుక్కూర్చున్నాను. కాల్చేద్దామనే కూర్చున్నాను, ఇందులో నా గొప్ప ఏమీ లేదు. అయితే కాల్చాలన్నా నాకు భయమే వేసింది. మునెమ్మ మళ్ళీ వచ్చి, పాత పుస్తకాలు చూసినారా అని అడిగితే నా మొహం ఏం చెబుతుందోనని. చివరికి దాన్ని తీసుకొచ్చి నా దిండు కింద పెట్టుకున్నాను. పంకజాక్షి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

శనివారం మునెమ్మ సబ్‌జైలుకు పోతుంటే, నేనూ వస్తానన్నాను. ఎందుకన్నానో తెలియదు. వాణ్ణి చూస్తే, గడ్డం మీసం వచ్చి మొగాడిలా ఉంటే, నా మనసు కుదుటపడుతుందనుకున్నానేమో.

వాడికి మీసం రాలేదు. ఊచల అవతల పక్కకు తిరిగి నిలబడ్డాడు. మాతో మాట్లాడుతూ కూడా పూర్తిగా మావైపు తిరగలేదు. వీపు గోడకు ఆనించి, ఒక కన్ను మామీద, ఒక కన్ను లోపలి గదిమీద పెట్టి మాట్లాడాడు. చేతులు మాత్రం పొడుగు. చిన్నప్పుడూ అంతే.

"తిన్నావా నాయనా?" అంది మునెమ్మ.

"తిన్న్యా."

"నిద్దర పోతాండావా?"

"పగులు పోతా."

"రాత్రి?" అన్నాను నేను.

వాడు లోపలివైపు చూశాడు. కాసేపటికి, పెదవులు కదిలీ కదలకుండా, "సార్, నేనొక్కణ్ణే లాగినానని సెప్పమన్నారు సార్. వాళ్ళు పంపినారని సెప్తే..." అని ఆగిపోయాడు.

లోపలినుంచి ఆ ఇద్దరిలో ఒకతను వచ్చాడు. మెడకు రుమాలు, ముప్ఫై ఏళ్ళుంటాయి. నవ్వుతూ వచ్చి వాడి మెడ వెనక చెయ్యి వేశాడు. వేసింది మెల్లగానే. వాడి మొహంలో రక్తం లేకుండా పోయింది.

"అయివోరా మీరు? మావోడు మీగురించి సెప్తా ఉంటాడు" అన్నాడతను. "ఏం దిగులు పడబాకండి. ఈడైనా, పెద్ద జైలైనా, మాతోనే గదా ఉండేది. మేము సూసుకుంటాం." ఆ చెయ్యి మెడ మీదనే ఉంది. వెంకటముని ఊపిరి బిగబట్టి, కాళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు. ఊచలకు ఇవతల ఉన్నాను, ఎవరూ నన్నేమీ చెయ్యరు, అయినా అక్కడినుంచి ఎప్పుడు బయటపడతానా అనిపించింది.

టైమైందన్నాక, వాడు ఒక్క క్షణం పూర్తిగా నావైపు తిరిగాడు. "సార్, నన్ను ఈళ్ళతోనే పంపిస్తారా?"

ఎందుకు అడిగాడో నన్ను! మేజిస్ట్రేటునైతే కాను కదా. బడిలో కూడా అంతే. వాన వస్తుందా సార్ అని అడిగేవాడు, నా చేతిలో ఉన్నట్టు. నేను జవాబు చెప్పకుండా వచ్చేశాను. బస్సులో మునెమ్మ, "వాని మెడ కాడ సూసినావా అయివోరూ, కమిలిపోయుండాది" అంది. చూశాను. అందుకే ఆమె ఆ మాట ఎత్తినప్పుడల్లా మాట మార్చాను. పూతలపట్టులో దిగేటప్పుడు మాత్రం ఆమెతో చెప్పేశాను, ఏడాదిన్నర నేనే రాశానని. చెప్పి, తిడుతుందని ఎదురుచూశాను. "అయితే నువ్వే తీసెయ్యల్ల" అంది.

మార్చి మొదటివారంలో తిరుపతి కోర్టు. పరంధామయ్య నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, పిలుస్తారు ఉండమని లోపలికి పోయాడు. పుస్తకం గుడ్డసంచిలో పెట్టి ఒళ్ళో పట్టుకున్నాను. రెండుసార్లు లేచి గేటు దాకా పోయాను. రెండుసార్లూ తిరిగొచ్చాను, గేటు దగ్గర నిలబడ్డ పోలీసులను దాటి పోవడానికి కూడా భయమేసి.

బెంచీకి ఆ చివర ఒకావిడ కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో మూత లేని కళ్ళజోడు పెట్టె పట్టుకుని, దాన్నే అటూ ఇటూ తిప్పుతోంది.

"మాది కాణిపాకం. టెంకాయల అంగడి" అంది, నేను అడక్కపోయినా. "మా నాయన మునిరామయ్య. కన్ను ఆపరేషను బాగైతే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాడు. ఇచ్చేసి, తిరిగొస్తా బస్సెక్కినాడు. ఆ సంచిలో ఏముండాది? ఒక పంచె, ఇంత ప్రసాదం. మాకోసం తెస్తా ఉన్నాడు గాబట్టి ఇడవలేదు."

నేను తల దించుకున్నాను.

"పొద్దున పదిగంటల్నుంచి ఆ పిలగాని వయసే మాట్లాడుకుంటా ఉండారు లోపల. పదైదా, పదారా అని. మా నాయన వయసెంతని ఒక్కరడగలేదు." నా వైపు తిరిగింది. "మీరెవరి తరపునప్పా?"

బంట్రోతు బయటికి వచ్చి నా పేరు కేకేశాడు. ఆమెకు జవాబు చెప్పకుండానే లేచి లోపలికి పోయాను. బోనెక్కాక తిరిగి చూస్తే, ఆమె తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. నాకు తెలిసింది, ఈమె ముందు నేను వెంకటముని తరపు మనిషిని. కాదనడానికి లేదు. వాడివల్ల చచ్చిపోయినాయన వెనక్కి రాడు. వాడు ఆ రుమాలువాడితో పోతే కూడా రాడు. అంతకుమించి నాకు ఏమీ తోచలేదు.

ప్రమాణం చేయించారు. పరంధామయ్య పుస్తకం చూపించి అడిగాడు, చెప్పాను. తర్వాత సర్కారు ప్లీడరు లేచాడు.

"నెల క్రితం ముద్రవేసి పోలీసులకిచ్చిన తేదీ మీదే కదా?"

"నాదే."

"ఇప్పుడు ఈ పుస్తకం. ఇదీ మీదే. రెంటిలో ఏది అబద్ధం?"

ఎదురుగా అవతలి బోనులో వెంకటముని ఉన్నాడు. వాడి పక్కన మెడరుమాలు, ఇంకొకడు.

"రిజిస్టరు."

"ఎవరు రాశారు?"

"నేనే."

"తెలిసే రాశారా?"

పంకజాక్షి సంగటి కెలుకుతూ అన్న మాటలన్నీ చెవుల్లో వినిపించాయి. బోను కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. "తెలిసే రాశాను."

"మీ బళ్ళో ఇలాంటి తేదీలు ఇంకెన్ని?"

"అన్నీ" అన్నాను. వెనకనుంచి ఎవరో నవ్వారు. ప్లీడరు మేజిస్ట్రేటు వైపు తిరిగి, ఇలాంటి మనిషి నిన్న రాత్రి కూర్చుని ఈ పుస్తకం కూడా రాసి ఉండవచ్చు అన్నాడు. మేజిస్ట్రేటు పుస్తకం తెప్పించుకున్నాడు. పెద్ద వయసు మనిషి, దగ్గుతో బాధపడుతున్నాడు. పేజీ కిటికీ వెలుతురుకు పెట్టి పచ్చసిరా సంతకం చాలాసేపు చూశాడు. ముందు పేజీలు, వెనక పేజీలు తిప్పాడు. ముడుచుకున్న అట్ట కొస వేలితో నిమిరాడు.

"ఇదేమిటి, కాలింది?"

"కాల్చేద్దామనుకున్నానండి" అన్నాను. ఎందుకన్నానో! నోటికొచ్చేసింది. పరంధామయ్య నుదురు పట్టుకున్నాడు.

మేజిస్ట్రేటు నన్ను ఎగాదిగా చూశాడు. "మూడున్నరేళ్ళ బిడ్డకు ఐదేళ్ళని ఎలా తేల్చారు?"

చెవి సంగతి చెప్పాను. సరిగా అర్థం కాలేదన్నాడు. బోనులో నిలబడి, యాభై ఆరేళ్ళవాణ్ణి, కుడిచెయ్యి నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకుని చూపించాను. వీడికి అందలేదని, నేనే తల వంచి చెయ్యి లాగానని, అందిందా అంటే నా మొహం చూసి అందిందన్నాడని చెప్పాను. చెప్పేసరికి ఏడుపొచ్చింది.

అప్పుడు, ఎవరూ అడగకుండానే, అవతలి బోనులో వెంకటముని కదిలాడు. కుడిచెయ్యి పైకెత్తాడు. నన్నే చూస్తూ, నెత్తి మీదుగా తిప్పి, కిందికి తెచ్చాడు. ఆ పొడుగాటి చెయ్యి చెవికి రెండు వేళ్ళ పైన ఆగిపోయింది. వేళ్ళు చాపాడు, పళ్ళు బిగించాడు, మెడనరాలు పొంగాయి, ఎంత లాగినా రానట్టు.

"అందలే సార్" అన్నాడు. ఏడుపు గొంతుతో. "సూడండి సార్, అందలే."

కోర్టు గొల్లుమంది. పోలీసులు నవ్వారు, ప్లీడరు నవ్వాడు, మెడరుమాలు వాడు కూడా నవ్వాడు. తలుపు దగ్గర ఆ కాణిపాకం ఆవిడ మాత్రం నవ్వలేదు. మేజిస్ట్రేటు బల్ల మీద కొట్టి అందరినీ ఊరుకోమన్నాడు. వెంకటముని చెయ్యి దించలేదు. వణుకుతున్నా అలాగే పట్టుకున్నాడు, దించితే ఎక్కడ పెద్దవాడైపోతాడోనని.

"దించు బాబూ" అన్నాడు మేజిస్ట్రేటు చివరికి.

భోజనాల తర్వాత ఉత్తర్వు చదివారు. పదహారేళ్ళు నిండలేదని నమ్ముతున్నామని, కేసు బాలల కోర్టుకు పంపుతున్నామని, ఈ రోజే ఆ ఇద్దరినుంచి వేరుచేసి పిల్లల హోముకు తీసుకుపోవాలని. తప్పు తేల్చడం, శిక్ష ఏదన్నది అక్కడ చూసుకుంటారు. నా వాంగ్మూలం కాపీ చిత్తూరులో విద్యాశాఖవారికి పంపమని కూడా రాశారు. సస్పెన్షను కాగితం పన్నెండో రోజుకే వచ్చింది, అది వేరే కథ.

బయట వ్యాను దగ్గర మునెమ్మను కొడుకుతో ఒక్క నిమిషం మాట్లాడనిచ్చారు. ఆమె వాడి మెడ తడిమి చూస్తోంది. నేను కాస్త దూరంలో నిలబడ్డాను. వాడు తల్లి భుజం మీదనుంచి నన్ను రమ్మన్నట్టు చూశాడు. దగ్గరికి పోయాను.

"సార్" అన్నాడు గుసగుసగా. "నిజంగా అయితే అందుతుంది సార్. కావాలనే సెయ్యి పట్టి పెట్టుకున్న్యా."

చుట్టూ చూశాను, ఎవరైనా విన్నారేమోనని.

"అందింటే మీ మాట అబద్దం అయిపోతాదని" అన్నాడు. "తప్పా సార్?"

ముప్ఫై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పినవాణ్ణి. ఆ చెయ్యి ఇప్పుడు ఎంత అందినా ఒకటేనని, దాంతో కోర్టుకు పనిలేదని చెప్పవచ్చు. మూడున్నరేళ్ళప్పుడు అందలే అని నిజం చెప్పిన వాడివే నువ్వు, అబద్ధం నేర్పింది నేను అని చెప్పవచ్చు. వ్యాను డ్రైవరు తలుపు తీశాడు. కానిస్టేబులు మావైపే వస్తున్నాడు.

"మెల్లగా మాట్లాడరా" అన్నాను. "వింటారు."

వాడు బుద్ధిగా తల ఊపి, నోరు మూసుకుని వ్యానెక్కాడు.